ఎముకల ఫోటోగ్రాఫరుకు ఒక ప్రశ్న

ఎముకల ఫోటోగ్రాఫరు గారూ, ఈ దీపం ఆర్పింది ఎవరంటారు, అని పేజీ అంచున పెన్సిలుతో రాసి ఉంది, ఆమె చదివింది, మళ్లీ చదివింది, వీపు మీద ఎవరో చన్నీళ్లు కుమ్మరించినట్టయింది, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే తనను ఈ భూమ్మీద అలా పిలిచే మనిషి ఒక్కరే, అక్క మొగుడు, ఆయన చేతిరాత పాత పుస్తకాల షాపులో, ఎవరో వదిలించుకున్న పుస్తకంలో కూర్చుని తనకోసం ఎదురుచూడటమేమిటి, రేపు ఆయన పుట్టినరోజు, ఏటా లాగే చరిత్ర పుస్తకం కొందామని వచ్చింది, ఏటా లాగే ఇది చదివేశారేమో, అదీ చదివేశారేమో అని అరల ముందు తచ్చాడింది, రాజుల చరిత్రా, రైళ్ల చరిత్రా, కలరా చరిత్రా, ఆ మనిషి లిఫ్టు మెకానిక్కుగా పనిచేసినన్నాళ్లూ రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయినా కంగారుపడక జేబులోంచి పుస్తకం తీసేవారట, అలాంటి మనిషికి చదవని పుస్తకం వెతికి ఇవ్వడం తనవల్ల అయ్యే పనా, అందుకే లావు చూసి, అట్ట చూసి కొనేస్తుంది, ఈసారీ అంతే, లైట్‌హౌస్ బొమ్మ బాగుందని తీసింది, షాపాయన చుట్టే కాగితం తేవడానికి లోపలికి వెళ్లాడు కాబట్టి ఊరికే తెరిచింది, లేకపోతే దీన్ని కూడా తెరవకుండానే ఇచ్చేసేది, దీన్ని కూడా, ఆగు, ఈ నీలం సముద్రం, అట్ట మూల ఈ చిరుగు, ఇది తనే ఇచ్చిన పుస్తకం కదూ.

ఇచ్చిన కానుకను బయటపడేసే మనిషి కాదాయన, చిరిగిన బస్సు టికెట్టు కూడా పేజీల మధ్య గుర్తుగా దాచుకుంటారు, మరి ఎందుకు వదిలించుకున్నారు, మొన్న అక్క ఫోన్లో ఏమంది, మీ బావ పనిముట్ల పెట్టె ఎవరికో ఇచ్చేశాడే, ఇల్లంతా సర్దుతున్నాడు, ఏం పుట్టిందో, అంది, అప్పుడు నవ్వుకుంది తను, ఇప్పుడు నవ్వు రావడం లేదు, పోయిన నెల దగ్గు తగ్గడం లేదని ఆసుపత్రికి వచ్చారు, చల్లటి పలకకు ఛాతీ ఆనించి నిలబడ్డారు, ఊపిరి గట్టిగా పీల్చి బిగబట్టండి బావగారూ అంటే, మీ అక్కతో కాపురం మొదలైనప్పట్నుంచీ బిగబట్టే ఉన్నానమ్మాయ్ అన్నారు, ఆయన నవ్వి కదిలిపోతే మళ్లీ తీయాల్సి వచ్చింది, ఫిల్ములో కుడివైపు కింద తెల్లగా ఒక మచ్చ, తను చూసింది, చూసినా చెప్పకూడదు, చెప్పాల్సింది డాక్టరు, డాక్టరు ఏం చెప్పాడో ఆయన చెప్పలేదు, ఏం లేదులే అని కవరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు, ఏం లేకపోతే ఇల్లెందుకు సర్దుతారు, ఏం లేకపోతే పుస్తకాలెందుకు పంచేస్తారు, ఎంతమంది ఛాతీల్లోకి చూసింది తను, ఈయన మనసులో ఏముందో మాత్రం తెలియదు.

అరకు ఆనుకుని మొదటి పేజీకి వెళ్లింది, ఎక్కడైనా వీడ్కోలు లాంటిది రాశారేమోనని వెతుకుతూ, కానీ అక్కడున్నది చరిత్ర కూడా కాదు, అపరాధ పరిశోధన నవల, తుఫాను రాత్రి, ఆరిపోయిన లైట్‌హౌస్, రాళ్లకు కొట్టుకున్న ఓడ, అనుమానం ముగ్గురి మీద, కాపలాదారు, నూనె సరఫరా చేసినవాడు, రేవు అధికారి, అంచుల్లో మళ్లీ ఆ పెన్సిలు, నూనెవాడు మరీ మర్యాదగా మాట్లాడుతున్నాడు, నమ్మొద్దు ఫోటోగ్రాఫరు గారూ, ఇంకోచోట, ఓడ మునిగిందని తెలిశాక కూడా కాపలాదారు భార్య వంట చేసుకుంటూ కూర్చుందట, మీ అక్క గుర్తొచ్చింది, అని ఉంది, చదివి ఆమెకు ఫక్కున నవ్వొచ్చింది, భయపడుతూ నవ్వడమేమిటని తన మీద తనకే కోపం వచ్చింది, అయినా పేజీ తిప్పింది, కాపలాదారు కాదు, అతనికి అంత తెలివి లేదు, రేవు అధికారి ఆ రాత్రి ఎక్కడున్నాడో ఎవరూ అడగరేం, అమ్మా చుట్టమంటారా అని షాపాయన అడుగుతున్నాడు, ఉండండి అంది, కూర్చునైనా చూడండి అని స్టూలు జరిపాడు, కూర్చుంది, చివరి అధ్యాయానికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి, ఆ పేజీలు అంచుల దగ్గర అతుక్కునే ఉన్నాయి, అచ్చయినప్పుడు కోయకుండా వదిలేసిన పేజీలు, బ్లేడుతో విడదీస్తే గాని తెరుచుకోవు, ఎవరూ విడదీయలేదు, మొదలుపెట్టిన పుస్తకాన్ని జ్వరంలో కూడా వదలని మనిషి ఇక్కడ ఆగిపోయారు, అంటే ఇక ఓపిక లేకనే కదా, పుస్తకం ఎవరమ్మారండీ అంటే షాపాయన తల గోక్కున్నాడు, ఆయన్నే అడగండమ్మా, నన్ను ఇరికించకండి, అన్నాడు.

తలుపు తీసింది అక్క, ఏమే ఆ మొహం, ఎవరైనా ఎక్స్‌రేలో రెండు గుండెలతో దొరికారా, అంది, బావేడీ అంటే, ఎక్కడుంటాడు, కొత్త అరలు చేయించాడుగా, వాటిని నిమురుకుంటూ కూర్చున్నాడు, పనిముట్లన్నీ వడ్రంగికే ధారపోశాడు, అంది, లోపల కిటికీ పక్కన ఆయన, ముక్కుకు రుమాలు కట్టుకుని పుస్తకాలు దులుపుతున్నారు, ఆమె ఆ పుస్తకాన్ని ఆయన ఒళ్లో పెట్టింది, ముందు మీ రిపోర్టు చెప్పండి, అంది, ఆయన అట్ట చూశారు, ఆమె ముఖం చూశారు, రుమాలు కిందికి లాగారు, ఓహో, దానికా ఏడుపు, ఆ మచ్చ చిన్నప్పటి న్యుమోనియాదట, దగ్గు ఈ దుమ్ము వల్లనట, అదిగో, ముక్కుకు గుడ్డ కట్టుకున్నది అందుకే, అన్నారు, ఆమె మంచం అంచున కూలబడింది, గుండెల్లోంచి పెద్ద బరువు దిగిపోయింది, దిగాక ఆ చోట ఇంకేదో మిగిలింది, మరి పుస్తకం ఎందుకు వదిలించుకున్నారు, అనబోయి ఆగింది, ఏటా తను అడిగే మాట గుర్తొచ్చింది, ఎలా ఉంది బావగారూ, బాగుందమ్మాయ్, అంతే, అక్కడితో టీ వచ్చేది, మాట మారిపోయేది, అక్క అయితే బొమ్మలున్న పేజీ ఉంటే పిలవండి అంటుంది, తను ఇన్నేళ్లూ ఈ మనిషికి పుస్తకాలు తెచ్చి పడేసిందే గాని చదువుతుంటే పక్కన కూర్చునే తోడు ఇవ్వలేదు, రేవు అధికారే బావగారూ, అంది ఆమె, ఆ రాత్రి వాడెక్కడున్నాడో ఎవరూ అడగలేదు, ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు.

సరే, ఒప్పుకుంటున్నాను, అన్నారు, ఆ షాపులో పెట్టింది నేనే, ఆ షాపాయన అమాయకుడు, నువ్వొస్తే ఎదురుగా కనబడే అరలో ఉంచమన్నానంతే, ఇదేం మొదటిసారి కాదమ్మాయ్, ముందటేడు నువ్వు ఇచ్చావు, నీకోసం ప్రశ్నలన్నీ రాసి తిరిగి అక్కడే పెట్టాను, నిరుడు మళ్లీ ఇదే కొని, అదే షాపు కాగితంలో చుట్టి తెచ్చిచ్చావు, ఎలా ఉందని మళ్లీ అడిగావు, బాగుందన్నాను, ఏం చేయను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు, మళ్లీ తీసుకెళ్లి పెట్టాను, ఎప్పటికైనా ఒక్కసారి తెరవకపోతుందా అని, ఆ చివరి పేజీలంటావా, బ్లేడు ఆ సొరుగులో ఉంది, నువ్వే తీయి, దీపం ఆర్పింది ఎవరో నాకూ తెలియదు, నీతో కలిసి చదువుదామని అక్కడే ఆగిపోయాను.