శనివారం పన్నెండూ ఇరవై

మా బంధువుల్లో విమానం ఎక్కాలనుకున్న ప్రతివాడూ ముందు నాకే ఫోన్ చేస్తాడు. విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని నేను. పేరు త్రినాథ్. చౌక టికెట్లు వెతకడం నాకు జీతం రాని రెండో ఉద్యోగం. వైజాగ్ నుంచి చూస్తాను, భువనేశ్వర్ నుంచి చూస్తాను, చెన్నై దాకా రైల్లో పోతే ఎంత కలిసొస్తుందో చూస్తాను. రానూపోనూ కలిపి కొనను, విడివిడిగా కొంటాను. సీటు ఎంచుకోను, భోజనం అడగను, ఏడు కిలోల చేతిసంచీ తప్ప ఏమీ తీసుకెళ్లనివ్వను. తిన్నగా ఏజెంటు దగ్గరికి పోయి అడిగినంతా ఇచ్చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కుమారి అత్త మా నాన్నకి చెల్లెలు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. ఆమె భర్త అప్పలసూరి మావయ్య మలేషియాలో వెల్డరు. వెళ్లి మూడేళ్లయింది. ఇన్నాళ్లకి కంపెనీ నాలుగు రోజుల సెలవిచ్చింది, శనివారం నుంచి మంగళవారం దాకా. దేశం దాటడానికి మాత్రం ఒప్పుకోలేదు. అందుకని అత్తనే రమ్మన్నాడు. తోటి పనివాడొకడు కుటుంబంతో ఊరెళ్తూ తన గది తాళం ఇచ్చాడట.

టికెట్ బాధ్యత నాది. అంతా సవ్యంగా ఉంది కానీ అత్త వాళ్ల అత్తగారు నారాయణమ్మ ఒకచోట అడ్డం పడింది.

"సుక్రోరం కోడల్ని గడప దాటించనురా. ఇంకే రోజైనా ఎల్లమను."

వారం రోజులు వెతికాను. శుక్రవారం పగటి విమానాలన్నీ పక్కన పెట్టాను. చివరికి వైజాగ్ నుంచి నేరుగా కౌలాలంపూర్‌కి, శనివారం, పన్నెండూ ఇరవైకి ఒకటి దొరికింది. ఆ నెల మొత్తంలో అంత చౌక మరొకటి లేదు. "శనివారం మామ్మా, చూసుకో," అని ఫోన్ ఆవిడ ముఖం ముందు పెట్టాను. ఆవిడ చదవలేదు కానీ నన్ను మెచ్చుకుంది. నేనూ నన్ను మెచ్చుకున్నాను.

శుక్రవారం సాయంత్రం పలాస వెళ్లాను, మర్నాడు అత్తని వైజాగ్ తీసుకెళ్లడానికి. మధ్యాహ్నం రైలెక్కితే సాయంత్రానికి అక్కడుంటాం, అర్ధరాత్రి దాటాక విమానం. కిరాణా కొట్టు కాటా మీద సంచీ తూచాం. బరువెక్కువైతే సున్నుండలు సగం తీసేశాం. జీడిపప్పు పొట్లం మాత్రం అత్త తియ్యనివ్వలేదు. అందరం తిని, హాయిగా పడుకున్నాం.

శనివారం ఉదయం ఆరింటికి మావయ్య ఫోన్ చేశాడు.

"ఒరే త్రినాదా, ఇమానం దిగినోలందరూ ఎల్లిపోనారు. గంటన్నరై సూస్తన్నాను. మీ అత్త రానేదేటిరా? లోపల ఆపేసినారేటి?"

"ఒక్క నిమిషం మావయ్యా," అని స్పీకరు ఆన్ చేసి, ఫోన్లోనే టికెట్ తీసి చూశాను. శనివారం. సున్నా సున్నా ఇరవై.

శుక్రవారం రాత్రి పన్నెండు దాటగానే శనివారం వచ్చేసింది. మాకు తెల్లారితే కదా శనివారం! శుక్రవారం ఆ ఇంట్లోంచి కోడలు బయల్దేరడమనేది ఎవరికీ ఊహకైనా రాలేదు, నాకూ రాలేదు. మేం పడుకుని నిద్రపోతుంటే విమానం వెళ్లిపోయింది. నా తల తీసేసినట్టయింది.

అత్త వాకిట్లో సంచీ జిప్పుకి దారం కడుతోంది. ఫోన్‌ని అరచేత్తో మూసి, దగ్గరికెళ్లి చెప్పాను.

"అత్తా, విమానం రాత్రే వెళ్లిపోయింది. నేనే తప్పు చదివాను."

ఆమె అక్కడే చతికిలబడింది. నారాయణమ్మ మామ్మకి అర్థం కావడానికి కాస్సేపు పట్టింది. అర్థమయ్యాక, "సుక్రోరం సుక్రోరం అని నానే కదరా అడ్డం పడినాను," అని నెత్తి కొట్టుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అత్త చెయ్యి చాపింది. ఫోన్ ఇచ్చాను. స్పీకరు ఆన్‌లోనే ఉంది.

"నానే ఎక్కనేదు బావా," అంది. "బయమేసినాది. త్రినాదు రమ్మంతనే ఉన్నాడు, నానే మొండికేసినాను. గుంటడిని ఏటీ అనకు."

నేను నోరు తెరవబోతే కళ్లతోనే ఆపేసింది.

అటునుంచి మావయ్య గొంతు చాలా మెత్తగా వచ్చింది.

"నాకూ బయమేసిందే. నీకెప్పుడూ సెప్పనేదు. ఇక్కడికొచ్చిన కొత్తల్లో దుప్పటి కప్పుకుని ఏడిసేవోణ్ని. పర్నేదులే. బయపడతా రావద్దు. సేపలు కొన్నాను, ఆటిని మావోలకి ఇచ్చెత్తాను."

అత్త కళ్లు తుడుచుకుంది. "సేపలు ఎవులికీ ఇవ్వకు. నానొస్తన్నాను," అని ఫోన్ నా చేతిలో పెట్టింది. "తియ్యరా టికెట్టు. ఎక్కడినుంచైనా తియ్యి."

చెన్నై నుంచి ఆదివారం పగలు పదకొండింటికి ఒకటుంది. దిగేసరికి అక్కడ సాయంత్రం. నాలుగు రోజుల్లో రెండు రోజులు మిగులుతాయి. ఈసారి తారీఖు, వారం, గంట మూడుసార్లు పైకి చదివాను, మామ్మ చేత కూడా అనిపించాను. రేటు చూడకుండా నా కార్డుతో కొన్నాను. మామ్మ సంచీ తనే మోసుకుంటూ ఆటో దాకా వచ్చింది.

చెన్నై రైల్లో జనరల్ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. శ్రీకాకుళం రోడ్ దాటాక ఇక ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకలా చెప్పావత్తా? తప్పు నాది. మావయ్యకి నేనే చెప్పేస్తాను."

"సెప్పేవంటే తంతాను. మాకున్నది రొండు రోజులు. అందులో నీ ఊసెందుకురా? నిన్ను తిట్టడం, మళ్లీ నాను ఆపడం. దానికే సరిపోద్ది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అయినా నీకు అబద్ధం ఆడటం ఎప్పుడొచ్చింది?" అన్నాను.

అత్త కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

"అబద్దమేటి కాదురా," అంది. "నిజంగానే బయమేస్తన్నాది. ఇమానానికి కాదు. మూడేళ్లయిపోనాది. మాటలన్నీ పోన్లోనే అయిపోనాయి. ఎదురుగా నిలబడితే ఏటి మాట్లాడాలో ఆయనకీ తెల్దు, నాకూ తెల్దు."