పదో నెంబరు

సముద్రాన్ని నేను ఒక్కసారైనా చూడలేదు. అయినా వాన లేని ఆ మూడేళ్ళూ మా ఊరిలో సముద్రం మాట తప్ప వేరే మాట లేదు. పూతలపట్టు పక్కన చిన్న పల్లె మాది. మాకు వాన పడాలంటే కార్తీకంలో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టాలి, అది తీరం దాటి మా వైపు రావాలి. పుట్టడానికి పుడుతూనే ఉండేవి. అన్నీ ఒరిస్సాకో బెంగాలుకో పోయేవి, పూతలపట్టు కూడలిలో చెయ్యెత్తినా ఆపకుండా పోయే బస్సుల మాదిరి.

బావిలో నీళ్ళు అడుగుకు పోయాయి. ఒక కడవ నిండాలంటే ఊట ఊరేదాకా గట్టు మీద కూర్చోవాలి. కూర్చుని కూర్చుని నాకు విసుక్కునే ఓపిక కూడా పోయింది. చెరకు ఎప్పుడో ఎండింది. ఆ ఏడు మామిడి చెట్లు కూడా ఆకు రాల్చడం మొదలుపెట్టాయి. అవి కూడా పోతే ఇంక ఆ ఊళ్ళో మాకేం పని?

నా మొగుడు మునిరామయ్య రోజూ సాయంత్రం కూడలిలో చెంగయ్య టీ అంగడికి పోయి రేడియో విని వచ్చేవాడు. తుఫాను దగ్గరయ్యేకొద్దీ రేవుల్లో ప్రమాద సూచిక నెంబరు పెంచుతారు గదా, దానికోసం. పడవల వాళ్ళను సముద్రంలోకి పోవద్దని చెప్పే ఆ నెంబరు ఎప్పుడు పెరుగుతుందా అని పడవ మొహం ఎరగని మా ఊరు ఊరంతా కాచుకుని ఉండేది.

"కృష్ణపట్నంలో మూడో నెంబరు ఎత్తినారంట" అన్నాడు ఒకరోజు.

"పోయినేడు ఏడు దాకా పోయింది. ఏం ఒరిగింది? కాళ్ళు కడుక్కో, కూడు తిందువు" అన్నాను.

ఆ మరుసటి రోజు ఏడు అన్నాడు. నేను తలెత్తలేదు. ఆ పైరోజు మాత్రం మధ్యాహ్నమే రొప్పుతూ వచ్చాడు.

"పదంట, భారతీ. పదో నెంబరు. నెల్లూరికీ మద్రాసుకీ నడమ తీరం దాటుతాదంట. ఈ తూరి మనకే."

వీధిలో ఆడవాళ్ళంతా గంగమ్మ గుడికి బయలుదేరారు. నేనూ టెంకాయ పట్టుకుని లేచాను. అప్పుడు ఆయన గొంతు తగ్గించి, "పంకజం వాళ్ళ ఊరు ఆ పక్కనే గదా" అన్నాడు.

పంకజాక్షి నా చెల్లెలు. నాయుడుపేట దాటి ఇంకా తూర్పుగా, సముద్రం ఒడ్డున ఉప్పు పండించే ఊరికి ఇచ్చాము. ఇచ్చింది మా నాయన. "అంతా నీళ్ళేనంట ఆ పక్క. ఈ బిడ్డన్నా కడవ పెట్టుకుని కాచుకోకుండా బతుకుతాది" అని మురిసిపోయాడు. నీళ్ళంటే తాగే నీళ్ళేననుకున్నాడు పాపం. మంచినీళ్ళకు అది రోజూ ఎంతో దూరం నడుస్తుందని పెళ్ళయ్యాక గానీ మాకు తెలియలేదు.

"తీరం అంత పొడుగుండాది. దాని ఊరి మీదే వస్తాదా ఏంది" అన్నాను.

అని, పోయి టెంకాయ కొట్టాను. చెల్లెలు గుర్తు రాక కాదు. గుర్తుండే కొట్టాను. అమ్మా, దాన్ని కాపాడు అని ఒకసారి అనుకున్నాను. వాన రానీ అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. అలిసిపోయిన మనిషికి తన బావి ఒక్కటే కనిపిస్తుంది.

వాన వచ్చింది. వచ్చిందంటే మామూలుగా రాలేదు, పైకప్పు మీద బండలు దొర్లించినట్టు వచ్చింది. పాత మామిడి చెట్లు రెండు కూలినా ఎవరూ బాధపడలేదు. చెరువు నిండి మరువ దాటి పారింది. ఊళ్ళో గంగమ్మకు ఏటపోతును కోశారు. మా వాటా కూర ఇంటికి వస్తే వండి అందరికీ పెట్టాను, నేను మాత్రం ముట్టలేదు.

తుఫాను నాయుడుపేటకు తూర్పునే తీరం దాటిందని చెంగయ్య రేడియో చెప్పింది. మునిరామయ్య వెంటనే బయలుదేరాడు గానీ తిరుపతి దాటి బస్సులు పోవడం లేదు. కాళహస్తి దాకా లారీలో పోయి, అవతల రోడ్డు తెగిపోయి ఉంటే వెనక్కి వచ్చేశాడు. ఎవరినడిగినా ఆ ఊళ్ళ సంగతి తెలియదన్నారు. నేను బావి గట్టు మీద కూర్చున్నాను. చెయ్యి చాపితే అందేంత ఎత్తులో ఉన్నాయి నీళ్ళు. ఇదివరకు ఊట కోసం కూర్చునేదాన్ని, ఇప్పుడు ఏ కబురు వస్తుందోనని కూర్చున్నాను.

అలా కూర్చుని ఉండగానే ఒకరోజు పొద్దున పంకజం వచ్చింది. కూడలి నుంచి నడిచొచ్చినట్టుంది. చంకలో చిన్నపిల్ల, ఒంటిమీద ఎవరిదో చీర. దాన్ని చూడగానే ఏడ్చాను. అది ఏడవలేదు.

"అందరూ బాగుండారా?" అన్నాను.

"ఆయన కూలిన గుడిసె లేపను ఆడే ఉండాడు. అత్త పోయిందక్కా. నీళ్ళు ఇంట్లోకొచ్చినాయి. పట్టుకునుంటిని, చెయ్యి జారిపోయింది."

పిల్లను నాకిచ్చి, వంగి దోసిలితో బావి నీళ్ళు తాగింది. తాగి, ఆ నిండు బావిని చాలాసేపు చూసింది.

"ఈడ బాగా పడినట్టుండాదే" అంది.

"ఊ."

"ఎన్నో నెంబరని చెప్పినారు మీకు రేడియోలో?"

"పది."

"మాకూ అంతే చెప్పినారు." మూతి తుడుచుకుంది. "విని మీరేం చేసినారక్కా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. దాని మొహం చూస్తూ చెప్పలేకపోయాను.

"గంగమ్మకు టెంకాయ కొట్టినాము" అన్నాను.

పంకజం తల ఊపింది. కోపం రాలేదు దానికి. వస్తే బాగుండును.

"మేమూ గంగమ్మకే కొట్టినాము" అని, మళ్ళీ దోసిలి ముంచింది.