మార్గరెట్ డ్రమ్ముకు పడిన బెజ్జం

ఆండర్సన్‌పేటలో మార్గరెట్ పచ్చిమామిడి ముక్కలు ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, ఊరగాయలు పెట్టేవాళ్ళకు అమ్మేది. ఆమెకు సాయం పక్క వీధి వీణ.

ఈ ఏడు స్టీలు డ్రమ్ములో నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. పైకి తేలిన ముక్కలకు బూజు పట్టింది. కింద నేలంతా చెమ్మ. మార్గరెట్ డ్రమ్మును ఒకవైపుకు వంచి అడుగు తడిమింది. సూదితో పొడిచినంత బెజ్జం వేలికి తగిలింది. స్టీలుకు తుప్పు పట్టదని అందరికీ తెలుసు. ఎవరో కావాలనే పొడిచి ఉండాలి.

డ్రమ్ము ఉన్న గదిలోకి పోయేది తామిద్దరే. వీణ సొంతంగా అంగడి పెట్టబోతోందని బజారులో విన్నమాట అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ రోజు నుంచి వీణ ఏం చేసినా మార్గరెట్‌కు అనుమానమే. ఫోను పట్టుకొని వాకిట్లోకి పోతే అనుమానం, పని ఉందని తొందరగా ఇంటికి పోతే అనుమానం. చివరికి గది తాళంచెవి ఇచ్చెయ్యమంది.

"నేను చేసినానని అనుకుంటా ఉండారా అమ్మా?" అని వీణ అడిగింది.

మార్గరెట్ తాళంచెవి కోసం చెయ్యి చాపింది. వీణ తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళింది. మరునాడు పనికి రాలేదు.

మార్గరెట్ బెజ్జానికి కారకుండా అతికే మందు మెత్తి, గదికి తాళం వేసుకుంది. కొన్నాళ్ళకు డ్రమ్ము ఇంకోచోట కారింది. ఈసారి గదిలోకి ఆమె తప్ప ఎవరూ పోలేదు. దాంతో అనుమానం డ్రమ్ము చేసిన వెల్డర్ విల్సన్ మీదికి మళ్ళింది. నాసిరకం రేకు వేశాడనుకొని పిలిపించింది.

విల్సన్ కూడా అనుమానంతోనే వచ్చాడు. కొత్త డ్రమ్ము డబ్బివ్వకుండా చేయించుకోవడానికే ఈ గొడవ అనుకున్నాడు. డ్రమ్ము ఖాళీ చేసి, ఎండలో పడుకోబెట్టి లోపలికి తల దూర్చాడు. అడుగున కరగని ఉప్పు గట్టిగా పేరుకుపోయి ఉంది. దాన్ని గీకితే కింద అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు కనిపించాయి. ఒక చుక్క మీద స్క్రూడ్రైవరు మొన పెట్టి నొక్కితే అది లోపలికి దిగిపోయింది.

"ఇది బయట్నుంచి పొడిచింది కాదమ్మా. ఉప్పు లోపల్నుంచి తినేసినాది," అన్నాడు. "రేకంతా బాగానే ఉంటాది. ఉప్పు కదలకుండా కూర్చున్న చోట చుక్క పడి, అట్లే లోతుకు పోతాది. మీరు ఉప్పునీళ్ళకని చెప్పలేదు, నేనూ అడగలేదు."

"అయితే ఎవురూ చెయ్యలేదా?"

"ఎవురూ లేదు."

ఆ సాయంత్రమే మార్గరెట్ వీణ ఇంటికి వెళ్ళింది. వీణ రాగులు చెరుగుతోంది. విల్సన్ చెప్పినదంతా చెప్పి, తప్పు తనదేనని మార్గరెట్ ఒప్పుకుంది. వీణ చాట దించలేదు.

"అంగడి పెట్టుకోవల్లని అనుకునింది నిజమే," అంది. "దానికి మీ డ్రమ్ముకు బెజ్జం ఎందుకు పెడతానమ్మా? అడిగింటే చెప్పింటాను."

కొత్తగా ప్లాస్టిక్ డ్రమ్ము వచ్చాక వీణ మళ్ళీ పనికి వచ్చింది. ముక్కలు కోస్తుంది, అడిగినదానికి బదులు చెబుతుంది. కానీ డ్రమ్ములో ఉప్పు వెయ్యాల్సి వచ్చినప్పుడు గది గడప దగ్గరే నిలబడి మార్గరెట్‌ను పిలుస్తుంది. ఆమె వచ్చి పక్కన నిలబడితేగాని లోపల అడుగు పెట్టదు.