మూడో ఆదివారం ప్రకటన

మా చర్చిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరముంటే అప్పుడే చెప్పాలి. నాకూ ప్రదీప్‌కూ రెండు ఆదివారాలు చదివేశారు. మూడోదానికి ముందు బాప్తిస్మం సర్టిఫికెట్ ఇమ్మని మా పాస్టరు అయ్యగారు అడిగారు. నేను దాన్ని ఆళ్లగడ్డ బస్సులో మరిచిపోయాను. నాకు బాప్తిస్మమిచ్చిన నంద్యాల చర్చికి పోయి మళ్లీ రాయించుకొచ్చి, దాన్నీ బడిలో ఎక్కడో పెట్టి పోగొట్టాను.

పాఠాలు చెప్పేదాన్ని, ఇంత మతిమరుపేంటని నాకే భయమేసింది. మూడో కాపీ కోసం నంద్యాల పోయినప్పుడు, మనసుకు వైద్యం చేసే భానుప్రియ మేడం దగ్గరికీ వెళ్లాను.

"మనసు ఊరికే ఏదీ మర్చిపోదు జ్యోత్స్నా. ప్రతిదానికీ ఏదో కారణముంటాది," అన్నారామె.

"మీరు చీటీ మీద నా పేరు తప్పు రాసినారు. దానికీ ఉంటాదా?"

"ఉంటాది," అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

అయినా అడిగినవన్నీ చెప్పాను. మా నాయన ఎప్పుడూ ముందు నడిచేవాడు. వెనక అమ్మ వస్తోందో లేదో ఒక్కసారీ చూసేవాడు కాదు. ప్రదీప్ నడకా అంతే.

"అందుకే నాకీ పెండ్లి ఇష్టం లేదంటారా?"

"కావచ్చు. అలవాటైన నడక కాబట్టే ఆ అబ్బాయి నీకు నచ్చిండొచ్చు కూడా."

"వద్దన్నా మా నాయనే, కావాలన్నా మా నాయనే. మరి మధ్యలో నేను యాడుండా మేడం?"

ఆమె వచ్చే వారం రమ్మన్నారు. నా పెండ్లి వచ్చే వారం దాకా ఆగుతుందా? బస్సులో సర్టిఫికెట్‌ను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. ఇంత గట్టిగా పట్టుకోవడానికీ ఏదైనా కారణముందేమోనని ఇంకా తికమకపడ్డాను.

ఆదివారం అయ్యగారు మూడోసారి చదివి, "అభ్యంతరమున్నవారు చెప్పవచ్చు," అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి ఒకరు లేచారు. చూస్తే అది నేనే.

"ఏందమ్మా, పెండ్లికూతురివి నువ్వే కదా! నీకేం అభ్యంతరం?"

"తెలీదు అయ్యగారూ. నాకు తెలిసేదాకా ఆపండి."

అమ్మ నా కొంగు పట్టి లాగింది. చర్చంతా గుసగుసలు. సిగ్గుతో చచ్చిపోయాను. మగవాళ్ల వైపు ప్రదీప్ లేచాడు.

"ఆపండి అయ్యగారూ. ఆ పిల్లకు తెలిసేదాకా నేను కాచుకుంటా," అన్నాడు.

అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాను. ఆ ఏడుపు ఎందుకొచ్చిందో మాత్రం నేను ఎవరినీ అడగను.