నాన్న నింపిన పీపా

నాన్న పోయిన వారానికి, ఇరవై ఏళ్ల కిందట ఆయన మా రమ్ము కంపెనీ గోదాములో నింపిన పీపా తెరిచారు. సగం ఆవిరైపోయింది. రుచి చూసి రాయడం నా ఉద్యోగం. మత్తెక్కకుండా ప్రతి గుక్కా బకెట్లో ఉమ్మేస్తాను. దీన్ని మాత్రం మింగాలనుకున్నాను.

“సెలవు పెట్టాల్సింది అక్కా,” అన్నాడు గోదాము కాపలాదారు.

“ఇంట్లో కూర్చుని ఏం ఊడబొడవాలి? నువ్వు పోసెయ్.”

మొదట మాడిన బెల్లం తగిలింది. తర్వాత ఎండుద్రాక్ష, ఆ వెనకే పాత చెక్క వగరు. వగరు వదిలాక నాలుక మీద సన్నటి తీపి చాలాసేపు నిలబడింది. అన్నీ కాగితం మీద రాశాను. కళ్లు తడవలేదు.

కాగితం మడిచాక బకెట్ వైపు చూశాను. అలవాటు కొద్దీ దీన్నీ ఎప్పుడో అందులోనే ఉమ్మేశానని అప్పుడు తెలిసింది.

కాపలాదారూ చూశాడు. “ఇంకాస్త పొయ్యనా, అక్కా?”

“ఎందుకు? రాసేశాగా.”