గొట్టంలో ఒకటి

ఎల్వుడ్ తుపాకుల దుకాణంలో సరుకు కొనేవాళ్ల కంటే కబుర్లకు వచ్చేవాళ్లే ఎక్కువ. గాజు బల్లకు ఇవతల ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కాఫీ కప్పులు పట్టుకుని ఆనుకుని నిలబడి ఉంటారు. ఆ రోజు మా అమ్మాయి షేలాను వెంటబెట్టుకుని నేను లోపలికి అడుగుపెట్టగానే అందరి నోళ్లూ మూతపడ్డాయి. దాని చేతి సంగతి మా లోయలో తెలియనివాళ్లు లేరు. కోల్బీ, నా అల్లుడు, ట్రక్కు తలుపు సందులో దాని ఎడమ చెయ్యి పెట్టి తలుపు వేశాడు. ఎముక అతుక్కుంది గాని మణికట్టులో పట్టు మళ్లీ రాలేదు.

వాడు దాని దరిదాపులకు రాకూడదని కోర్టువాళ్లు కాగితం ఇచ్చారు. షేలా దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుని తిరిగేది. ఆ కాగితం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. షెరీఫ్ పోలీసులు మా లోయ చివరికి చేరాలంటే మట్టి రోడ్డు మీద బొగ్గు లారీలన్నిటికీ దారి ఇస్తూ రావాలి. వాళ్లు వచ్చి టోపీలు తీసి నిలబడేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అందుకే పిస్టల్ కొందామని నేనే బయల్దేరదీశాను.

"ఏరా డెల్మర్, దారి తప్పావా?" అన్నాడు ఎల్వుడ్. గనిలో పక్కపక్కన పనిచేసినవాళ్లం, ఏరా పోరా అనే చనువు.

"నాకు కాదురా, అమ్మాయికి. చిన్నది చూపించు. చొక్కా కింద పెట్టుకుంటే దేవుడికి కూడా కనపడకూడదు."

షేలా కిరాణా దుకాణంలో మాంసం కోసి ఇచ్చే బల్ల దగ్గర పనిచేస్తుంది. పలచటి చొక్కా, పైన ఏప్రన్. పిస్టల్ ఆనవాలు కనబడితే మేనేజరు మరుక్షణం ఇంటికి పంపేస్తాడు. కనపడకపోవడమే మాకు ముఖ్యం.

ఎల్వుడ్ ఒక దాన్ని తీసి గుడ్డ మీద పెట్టాడు. నిజంగానే అరచేతిలో ఇమిడిపోయింది. నాకు చూడగానే నచ్చేసింది. మా వైపు మగాళ్లందరం ఇంతే. చిన్న చేతికి చిన్న తుపాకీ అనుకుని పెళ్లాలకీ కూతుళ్లకీ ఇలాంటివే కొంటాం.

"లాగి చూడు తల్లీ," అన్నాడు ఎల్వుడ్. "ముందే చెప్తున్నా, ఇది ఎంత చిన్నదో దీని స్ప్రింగుకి అంత పొగరు. పెద్దవాటికి ఇంత బిగువు ఉండదు."

షేలా కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమచేత్తో పైభాగాన్ని వెనక్కి లాగబోయింది. అలా లాగి వదిలితేనే తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. అది అణువంత కదిలి మళ్లీ ముందుకు పోయింది. ఇంకోసారి లాగింది. పెదవి కొరుక్కుని మూడోసారి లాగి, పిస్టల్‌ని మెల్లగా గుడ్డ మీద పెట్టేసింది.

"పొద్దున టిఫిన్ తినలేదామ్మా?" అన్నాడు కాఫీవాళ్లలో ఒకడు, పర్విస్.

"నువ్వు నోరు ముయ్యి, పర్విస్. నీ గుర్రపుబండి లాగమనలేదు దాన్ని," అన్నాన్నేను.

ఎల్వుడ్ కొంచెం పెద్దది ఇచ్చాడు. అది సులువుగా వచ్చింది గాని నడుము దగ్గర పెడితే చొక్కా పైకి లేచి నిలబడింది. రివాల్వర్ అయితే లాగే పనే లేదన్నాడు. దాని గుండ్రటి పొట్ట ఇంకా ఎత్తుగా కనబడింది. చివరికి బల్ల కింది అరలోంచి బుల్లి తూటాల పిస్టల్ ఒకటి తీశాడు, ఉడతల్ని కొట్టేవాళ్లు వాడే తూటాలు. షేలా దాన్ని రెండు వేళ్లతో లాగింది. వచ్చింది. మళ్లీ లాగింది. ఎన్నాళ్ల తర్వాతో దాని ముఖంలో నవ్వులాంటిది కనబడింది.

"ఇది బావుంది నాన్నా."

"అది ఉడతలకమ్మా. దాంతో కొడితే వాడికి కోపం రావడం తప్ప ఇంకేం కాదు."

"నేను వాడగలిగేది ఇదే కదా."

"తల్లీ, నా మాట విను. ఒక్కసారి కొడితే వాడు కింద పడాలి. రెండోసారికి నీకు టైం ఇవ్వడు వాడు."

ఎల్వుడ్ నా వైపు ఒకసారి, దాని వైపు ఒకసారి చూశాడు. "ఏదో ఒకటి నీ చేతిలో పనిచేసేది తీసుకోమ్మా," అని గొణిగాడు. తర్వాత నా కోసమో ఏమో, మొదటిదాన్ని మళ్లీ ముందుకు జరిపాడు. "ఇదే కావాలంటే, పొద్దున్నే ఎవరో ఒకరు లాగి ఎక్కించి పెట్టాలి. గొట్టంలో ఒకటి ఉంటే ఇక లాగే పనే లేదు, తీసి కాల్చడమే. కుడిచెయ్యి బాగానే ఉంది కదా."

"నేనున్నాగా," అన్నాను.

షేలా ఉడతల పిస్టల్‌ని బల్ల మీద వదిలేసింది. ఆ మొదటిదాన్నే కొని, నడుము లోపల పెట్టుకునే ఒర కూడా తీసుకుని ఇంటికొచ్చాం.

మా ఇంటి వెనక కొండను తవ్వి వదిలేసిన చోట పాల డబ్బాల్లో నీళ్లు నింపి వరసగా పెట్టాను. నేను ఎక్కించి ఇస్తే అది కాల్చేది. చిన్న పిస్టల్ కదా, పేలినప్పుడు వెనక్కి తన్నుడు ఎక్కువ. అయినా తొణక్కుండా నిలబడి ఒక్కో డబ్బాకూ చిల్లులు పొడిచింది. నాకెంతో గర్వమేసింది. దాని చేత లాగించడానికి మాత్రం చెయ్యని పని లేదు. బెల్టుకు ఆనించి తొయ్యమన్నాను, బల్ల అంచుకు నొక్కమన్నాను. ఒకసారి అది జారి బొటనవేలి చర్మాన్ని పట్టుకుని కొరికింది. షేలా రక్తం చప్పరిస్తూ మెట్ల మీద కూలబడింది.

"పచ్చడి సీసా మూతే తియ్యలేకపోతున్నా నాన్నా. దీన్నెక్కడ లాగను?"

దాని పక్కన కూర్చున్నాను. కోల్బీ మీద ఎంత కోపం వచ్చిందో, నా మీద నాకు అంత వచ్చింది.

ఆ చలికాలమంతా మాకు అదే పని. పొద్దున్నే నేను బిస్కెట్లు, అవే మా వైపు మెత్తటి చిన్న రొట్టెలు, కాల్చి గ్రేవీ వేడిచేసేవాణ్ణి. షేలా కూతుర్ని ఒళ్లో పెట్టుకుని తినిపించేది. దాని పేరు రెన్నీ, అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. తిండి అయ్యాక షేలా పిస్టల్ నా చేతికిచ్చి, "ఎక్కించు నాన్నా," అనేది. నేను గోడవైపు తిప్పి లాగి వదిలేవాణ్ణి. సాయంత్రం అది పని నుంచి రాగానే తూటా బయటికి తీసేసేవాణ్ణి, ఎందుకంటే రెన్నీ ఇంట్లో తెరవని సొరుగంటూ లేదు. దించడానికీ లాగాలి, ఎక్కించడానికీ లాగాలి. రెండూ నా పనులే.

ఒకరోజు పొద్దున రెన్నీ గ్రేవీ పూసుకున్న మూతితో, "ఎక్కించు తాతా," అంది. షేలా నవ్వాపుకోలేక రెన్నీ జుట్టులో మొహం దాచుకుంది. నేనూ నవ్వాను. పసిపిల్లకు నేర్పాల్సిన మాటలా అది అని తర్వాత రోజంతా బాధపడ్డాను.

ఒక సాయంత్రం షేలా ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"ఇవాళ కోల్బీ వచ్చాడు. బల్ల దగ్గరికి."

కుర్చీ దాని ముందుకు లాక్కున్నాను. "ఏం చేశాడు?"

"హ్యామ్ అడిగాడు. పల్చగా కొయ్యమన్నాడు. కోసిచ్చాను. థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు."

"నడుముకి ఉన్నది ఎందుకమ్మా? తీయలేదేం?"

"హ్యామ్ అడిగినవాణ్ణి కాల్చేదా నాన్నా?"

షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, కిరాణా దుకాణానికి అందరూ వస్తారు కదా, చూస్తాం అన్నారు. కోల్బీ తర్వాతి వారమూ వచ్చాడు, ఆ తర్వాతి వారమూ వచ్చాడు. ఒక్క పరుషమైన మాట అనలేదట. ఈలోగా వాడు తాగుడు మానేశాడనీ, చర్చిలో అందరి ముందూ ఏడ్చాడనీ, ఆ చలిలో వాగులో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడనీ ఊరంతా చెప్పుకున్నారు. పర్విస్ అయితే, "పూర్తిగా మారిపోయాడు డెల్మర్, నేను కళ్లారా చూశాను," అని నాకే చెప్పాడు. వాగు నీళ్లకు అంత మహత్తు ఉంటే అందులో చేపలన్నీ సాధువులైపోవాలి అన్నాను. ఎవరూ నవ్వలేదు.

వసంతం వచ్చింది. షేలా కోర్టుకు వెళ్లి, ఆ కాగితం అక్కర్లేదని రద్దు చేయించుకుని వచ్చింది. నాకు చెప్పకుండానే కోల్బీ దగ్గరికి వెళ్లడానికి బట్టలు సర్దుకుంది.

"బుద్ధి ఉందా నీకు?" అని అరిచాను. "ఆ చెయ్యి చూసుకో! చూసుకో ఒక్కసారి!"

"రోజూ చూసుకుంటూనే ఉన్నా నాన్నా." దాని గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "పార్కింగులో కారు ఎక్కేముందు కింద వంగి చూడాలి. దుకాణం తలుపు గంట మోగితే చెయ్యి నడుముకి పోతుంది. రాత్రి కుక్క మొరిగితే లేచి కూర్చోవాలి. ఎక్కడున్నాడో తెలియక చస్తున్నా. ఇంట్లో ఉంటే కనీసం ఏ గదిలో ఉన్నాడో తెలుస్తుంది."

"వాడు మారాడనే వెళ్తున్నావా?"

"మారాడని నేనన్నానా? అలిసిపోయాను నాన్నా."

కారు దాకా వెనకే వెళ్లాను. బతిమాలాను. జీవితంలో ఎవర్నీ బతిమాలనివాణ్ణి, రెన్నీ చూస్తుండగా కన్నీళ్లు పెట్టుకున్నాను. అది ఆగదని తెలిశాక, ఇంట్లోకి పరిగెత్తి పిస్టల్ తెచ్చి లాగి ఎక్కించి దాని చేతిలో పెట్టాను.

"ఇదైనా ఉండనీ. నాకు మాటివ్వు."

"సరే నాన్నా. ఉంచుకుంటాను."

ఆ మాట పట్టుకునే అన్ని వారాలూ బతికాను. పొద్దున్నే నా ఒక్కడికి కావాల్సినదానికంటే ఎక్కువే బిస్కెట్లు కాల్చేవాణ్ణి. గొట్టంలో నేను ఎక్కించిన తూటా ఒకటి దాని దగ్గర ఉంది, ఒక్కటైనా ఉంది అనుకునేవాణ్ణి. రెన్నీ ఉన్న ఇంట్లో దాన్ని తూటాతో అలాగే వదిలెయ్యదని మాత్రం నాకు తట్టలేదు.

తర్వాత ఒక ఆదివారం షేలా, రెన్నీ భోజనానికి వచ్చారు. చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె చేశాను. షేలా కొంచెం ఒళ్లు చేసింది. ముఖం మీద దెబ్బలేమీ లేవు. నేను కళ్లతో వెతుకుతున్నానని దానికి తెలుసు. రెన్నీ దాని ఒళ్లోకి ఎక్కుతుంటే చొక్కా కింది ఒర నా కంట పడింది. ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"ఇలా ఇవ్వు, పసిపిల్ల మీద పడుతోంది, దించేస్తాను," అన్నాను.

ఇచ్చింది. గోడవైపు తిప్పి లాగాను. తూటా ఎగిరి బల్ల మీద పడి, దొర్లి, రొట్టె పళ్లెం దగ్గర ఆగింది. నేను ఎక్కించినవన్నీ ఇత్తడి రంగువి. ఇది వెండిలా తెల్లగా ఉంది.

"ఇది నాది కాదే," అన్నాను.

షేలా రెన్నీ మూతి తుడుస్తోంది.

"ఎవరు ఎక్కించారు షేలా?"

"కోల్బీ." నా వైపు చూడలేదు. "రోజూ పొద్దున్నే ఎక్కించి ఇస్తాడు నాన్నా. నాకు చేతకాదుగా. నువ్వు చేసినట్టే గోడవైపు తిప్పి చేస్తాడు."

"ఎక్కించు!" అంది రెన్నీ, రొట్టె ముక్క పట్టుకుని.

పిస్టల్ నా చేతిలోనే ఉంది. అరచేతిలో ఇమిడిపోయింది, దుకాణంలో మొదటిసారి పట్టుకున్నప్పటిలాగే. ఉడతల పిస్టల్‌ని రెండు వేళ్లతో లాగి అది నవ్విన నవ్వు గుర్తొచ్చింది. అడిగాను.

"మరి సాయంత్రం?"

"సాయంత్రం తనే దించేసి ఫ్రిజ్ మీద పెడతాడు. రెన్నీకి అందకుండా."

షేలాకు వాళ్లమ్మ పొడుగు రాలేదు. మా ఇంట్లో కూడా పై అరలోవి నేనే తీసిచ్చేవాణ్ణి. ఆ ఫ్రిజ్ మీదికి దానికీ అందదు.