మంచి పురుగులు

అత్తగారి కింద బెడ్‌పాన్ సర్దుతున్న ఫ్లోరెన్స్‌తో, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ జ్ఞానదాసు అన్నాడు. "పెందలాడే వచ్చీ. అమ్మకి స్నానం సేయించాల."

భీమిలిలో నూతి దగ్గర జారిపడి తుంటి విరిగిన తల్లిని ఆయన విశాఖపట్నం తీసుకొచ్చాడు. పగలు పక్కింటావిడ కనిపెట్టుకుంటుంది, మిగతాదంతా కోడలిదే. ఆయన పోర్టులో గుమస్తా. ఆమె హార్బరు దగ్గర లేబొరేటరీలో చేపల పేగులు కోస్తుంది. పేగులు కోసేదానికి ఎమ్మెస్సీ ఎందుకని పెళ్లయిన కొత్తలో ఆయన నవ్వితే, తనూ నవ్వింది.

ఆరోగ్యంగా ఉన్న బొచ్చె చేప పేగుల్లో మేలుచేసే బాక్టీరియా ఉంటుందనీ, దాన్ని పెంచి మేతలో కలిపితే పిల్లచేపలు రోగాన్ని తట్టుకుంటాయనీ ఆమె నమ్మకం. మంచి పురుగులని ఇంట్లో చెబితే ఎవరూ వినలేదు. ఒక తొట్టెకి ఆ మేతా, పక్కదానికి ఉత్త తవుడూ వేరుశెనగ చెక్కా పెట్టి, పోయిన వారం రెండింట్లోనూ రోగపు క్రిములు వదిలింది.

ఆ పొద్దున ఉత్త తవుడు తిన్న చేపలు పొట్టలుబ్బి తేలుతున్నాయి. పక్క తొట్టెలో దాదాపు అన్నీ ఈదుతున్నాయి. చెయ్యి ముంచితే మేతనుకుని వేళ్లు పొడిచాయి. తడిచేత్తోనే ఆఫీసరు నరసింహమూర్తిగారి గదికి పరుగెత్తింది.

ఆయన సంతోషించాడు. ఇక అంతా లేబొరేటరీలో తోటి ఉద్యోగి గంగరాజుకి అప్పజెప్పి వెళ్లమన్నాడు. ఎక్కడికని అడిగింది.

"అదేమిటమ్మా, ఒకటో తారీకునుంచి మానేస్తున్నావుగా. నిన్న మీ ఆయనొచ్చి చెప్పాడు."

నెత్తిమీద ఫాను తిరుగుతోంది గానీ ఆమెకి చప్పుడు వినబడలేదు. రాత్రి అదే మనిషికి అన్నం పెట్టింది. పులుసు బాగుందని మళ్లీ వేయించుకున్నాడు. అంతసేపూ ఈ మాట కడుపులో పెట్టుకునే తిన్నాడు. ఎదురుగా ఉన్న ఈ పెద్దమనిషికైనా తననొక్కమాట అడగాలని తోచలేదు. బల్లని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరిపినట్టు ఇద్దరూ కలిసి తనని జరిపేశారు. నేను మానడం లేదండీ అంది. ఆ గొంతు తనదేనా అనిపించింది. మధ్యాహ్నం సెలవడిగి బయల్దేరింది.

సాయంత్రం జ్ఞానదాసు వచ్చేసరికి, స్నానమైన అత్తగారి తల తుడుస్తోంది. ఆఫీసులో విన్నది చెప్పింది. ఆయన తడబడలేదు.

"ముందే సెప్తే ఏడుత్తావని సెప్పలేదు. అమ్మని ఇంకెవులు సూత్తారు?"

ఫ్లోరెన్స్ తువ్వాలు ఆయన చేతిలో పెట్టింది.

"మీరు. నాను పోర్టుకెళ్లి మీ ఆఫీసరుగారికి సెప్పొచ్చేను, రేపట్నుంచి మీరు సెలవని."